పట్టులోని విడుపు

రేడియోలో తొలిసారి ప్రసంగించుటకు వచ్చినవారిని గుర్తించుటకు మాకొక సులభమైన మార్గము కలదు. స్టూడియోలో ఎర్రదీపము వెలిగిన మరుక్షణముననే వారి చేతిలోని కాగితము చప్పుడు చేయ మొదలిడును. వారు పండితులు కావచ్చును, వైద్యులు కావచ్చును, ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన అధ్యాపకులు కావచ్చును. కంఠము స్థిరముగనే యుండును. కాని చేతులు మాత్రము ఆ కాగితమును ఎవరో లాగుకొని పోవుదురేమో యన్నట్లు బిగించి పట్టుకొనును. బిగించినకొలది చేయి వణకును. చేయి వణకినకొలది కాగితము రెపరెపలాడును. ఆ రెపరెప మైకునందు పడి, ఇంటిలో కూర్చుండి వినువారికి ఎవరో ఎండుటాకులపై నడచుచున్నట్లు వినిపించును. అప్పుడు మేము చెప్పు మాట ఒక్కటే: "కాగితం బల్లమీద పెట్టండి. వేళ్ళు ఊరికే ఆనించండి, చాలు."

ఈ మాటను ఇరువది యేండ్లుగా ఇతరులకు చెప్పుచున్న నేను నా చేతికి మాత్రము ఎన్నడును చెప్పుకొనలేదు. నాకు ఆ సంగతి తెలిపినవాడు ఒక వృద్ధ వడ్రంగి.

ఆయన మా యింటి తలుపునకు గడియ బిగించుటకు వచ్చియుండెను. నేను ప్రక్కగదిలో పుస్తకముల బల్లకు మేకు కొట్టుచుంటిని. అప్పటికే రెండు మేకులు వంగిపోయినవి; మణికట్టు నొప్పి పుట్టుచున్నది. ఆయన గుమ్మమునొద్ద నిలిచి కొంతసేపు చూచి, "బాబుగారూ, మీరు మేకు కొట్టడం లేదండి, సుత్తి పీక పిసుకుతున్నారు" అనెను. పిమ్మట సుత్తిని తాను తీసికొని, పిడిని దాని కొసదగ్గర పట్టుకొని, "ఎత్తేటప్పుడు మీరు పట్టుకోండి. దిగేటప్పుడు దాని బరువుతో దాన్ని రానివ్వండి. కొట్టేది అదండి, మీరు కాదు" అని చెప్పి నాలుగు దెబ్బలలో మేకును దింపెను. ఆయన వయస్సు డెబ్బదికి పైబడినది. నా బలములో సగమైనను ఆయనకు లేదు. అయినను పని చేసినది ఆయన, అలసినది నేను.

మన భాషలో 'పట్టువిడుపులు' అను ముచ్చటైన జంటపదము కలదు. తగవులు తీర్చు పెద్దలను, కాపురము దిద్దుకొను దంపతులను గూర్చి చెప్పునప్పుడు దానిని వాడుదుము. అది చేతికిని అక్షరాల వర్తించు మాట యని ఆ దినమున నాకు తోచినది. కలము, సుత్తి, రంపము, రాకెట్టు, బ్యాటు, కమాను - వీనిలో దేనిని చేబట్టినను పట్టు ఎంత యుండవలెను, ఎప్పుడు సడలవలెను, ఆ సడలింపును ఎట్లు అలవరచుకొనవలెను అను విషయములను ఈ ప్రసంగమున ముచ్చటింతును.

ముందుగా చదువరులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవలెను. కుడిచేతిని పిడికిలి బిగించి, ఎడమచేతితో కుడి ముంజేతిని తడిమి చూడుడు. లోపలివైపు కండలు గట్టిపడియుండును. అది ఆశ్చర్యము కాదు. వ్రేళ్లను ముడుచు ప్రధాన కండరములు అక్కడనే యున్నవి. వ్రేళ్లలో కండరములు లేవు. ముంజేతిలోని కండరములు స్నాయువులనెడి త్రాళ్లతో వ్రేళ్లను లాగును, బొమ్మలాటవాడు తెరవెనుకనుండి బొమ్మలను ఆడించినట్లు. ఇప్పుడు ముంజేతి వెలుపలివైపు తడిమి చూడుడు. అక్కడి కండలును గట్టిపడియుండును. అవి వ్రేళ్లను ముడుచునవి కావు. మణికట్టును వెనుకకు లాగునవి. పిడికిలి బిగించునప్పుడు మణికట్టు లోపలికి వంగిపోకుండ ఆపుటకై అవియును పని చేయవలసియున్నది. అనగా ఒక వస్తువును గట్టిగా పట్టినప్పుడు మన చేయి రెండు ప్రక్కలనుండియు తనతో తాను పెనుగులాడుచున్నదన్నమాట. టెన్నిసు ఆడువారికి, రెంచి తిప్పువారికి, బట్టలు పిండువారికి మోచేతి వెలుపలివైపున నొప్పి వచ్చుటకు ఈ పెనుగులాట ఒక ముఖ్యకారణము.

బిగిసిన కండరమునకు మరియొక కష్టము కూడ కలదు. అది బిగిసినప్పుడు తనలోని సన్నని రక్తనాళములను తానే నొక్కివేయును. బిగించి సడలించుచుండిన కండరమునకు రక్తము వచ్చుచు పోవుచుండును. ఎడతెగక బిగిసియున్న కండరమునకు ఆ రాకపోకలు తగ్గిపోవును. అందుచేతనే పది నిమిషములు సంచిని అటునిటు మార్చుకొనుచు నడచినవానికి లేని నొప్పి, రెండు నిమిషములు దానిని కదలక పట్టుకొని నిలిచినవానికి కలుగును. అలసట బరువునుబట్టి మాత్రమే కాక, విరామము లేకపోవుటనుబట్టి కూడ వచ్చును.

ఇంతవరకు చెప్పినది కండలను గూర్చిన మాట. అంతకంటె ముఖ్యమైనది స్పర్శను గూర్చిన మాట. చేయి పట్టుకొను సాధనము మాత్రమే కాదు. అది వినికిడి వంటి యొక ఇంద్రియము. రంపము చెక్కలో సరిగా నడచుచున్నదా, ఉలి పోగు వెంట పోవుచున్నదా, బంతి బ్యాటు నడుమ తగిలినదా అంచున తగిలినదా అని మనకు తెలుపునది అరచేతి చర్మము. 1834లో జర్మనీ దేశస్థుడగు ఎర్నెస్టు హైన్రిఖ్ వేబరు స్పర్శను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. చేతిలో తేలికయైన బరువున్నప్పుడు దానికి మరికొంచెము చేర్చినను మనము పసిగట్టుదుము. బరువు హెచ్చుగ నున్నప్పుడు అదే కొంచెమును చేర్చిన మనకు తెలియదు. భేదము తెలియవలెనన్న ఆ చేర్చునది మొదటి బరువుతో తగిన నిష్పత్తిలో నుండవలెను. పట్టు విషయమునను ఇంతే. రేడియోను చెవులు చిల్లులు పడునట్లు పెట్టుకొనినవానికి ప్రక్కవాడు చెవిలో చెప్పిన మాట వినపడదు. అట్లే పిడిని పిసికి పట్టినవానికి పనిముట్టు చెప్పు మాట వినపడదు.

ఇక ఎంత పట్టు చాలును? 1984లో స్వీడను దేశములోని ఉమేయో విశ్వవిద్యాలయమున రోలాండ్ యోహాన్సన్, యోరాన్ వెస్ట్లింగ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనిని సూక్ష్మముగా పరీక్షించిరి. ఒక చిన్న వస్తువును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పైకెత్తుమని మనుష్యులను కోరిరి. దాని ప్రక్కలకు ఒకసారి గరుకుకాగితమును, ఒకసారి మెత్తని తోలును, ఒకసారి పట్టుగుడ్డను అంటించిరి. జారునట్టి పట్టుగుడ్డ యైనప్పుడు వ్రేళ్లు ఎక్కువగను, గరుకుకాగితమైనప్పుడు తక్కువగను నొక్కినవి. ప్రతి సందర్భమునను జారిపోకుండుటకు కావలసిన దానికంటె కొంచెము మాత్రమే హెచ్చుగ నొక్కినవి. వస్తువు రవంత జారినంతనే, మనము తలపోయుటకు ముందే, సెకనులో సుమారు పదియవ వంతు కాలములో వ్రేళ్లు తమంతట తామే బిగిసినవి. కాని వ్రేళ్లకు మత్తుమందు ఇచ్చి స్పర్శ లేకుండ చేసినప్పుడు మాత్రము అవే వ్రేళ్లు అవసరమును మించి నొక్కసాగినవి.

ఈ పరిశోధనలో మనకు రెండు పాఠములు కలవు. మొదటిది: సరియైన పట్టు ఎంతయో చేతికి పుట్టుకతోనే కాకపోయినను అలవాటుచే తెలియును, దానిని మనము చెడగొట్టకున్న చాలును. రెండవది: స్పర్శ తెలియని చేయి గట్టిగా పట్టును. గట్టిగా పట్టిన చేతికి స్పర్శ తగ్గును. ఇది ఒక విషవలయము. దానిలో చిక్కినవాడు పనిముట్టు తన మాట వినుటలేదని మరింత బిగించును.

అట్లయిన మనము ఏల బిగింతుము? మొదటి కారణము క్రొత్తదనము. రష్యా దేశస్థుడగు నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1920 దశకము తొలినాళ్లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో సుత్తిదెబ్బలను ఛాయాచిత్రముల సాయముతో పరిశీలించెను. నేర్పరియగు పనివాడు వరుసగా కొట్టు దెబ్బలలో సుత్తికొస ఇంచుమించు ఒకే మార్గమున పోవుచుండెను; కాని ఆతని భుజము, మోచేయి, మణికట్టు మాత్రము ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క రీతిగ కదలుచుండెను. అనగా నేర్పు బిగువులో లేదు. కీళ్లు ఒకదాని తప్పు నొకటి దిద్దుకొను స్వేచ్ఛలో నున్నది. క్రొత్తవాడు ఆ స్వేచ్ఛను అదుపు చేయలేక కీళ్లన్నిటిని బిగించివేయుననియు, నేర్పు వచ్చినకొలది ఒక్కొక్కదానిని విడిచిపెట్టుననియు బెర్న్‌స్టీన్ వివరించెను. కాబట్టి క్రొత్తగా నేర్చువాడు బిగించుట తప్పు కాదు, అది యొక మెట్టు. ఆ మెట్టుమీదనే నిలిచిపోవుట తప్పు.

రెండవ కారణము భయము. స్టూడియోలో కాగితము నలుగుటకు కారణమిదియే. మూడవది చెడ్డ పనిముట్టు. మొండి రంపమును, పదును పోయిన ఉలిని, చెమటకు జారు పిడిని ఎవరైనను బిగించియే పట్టవలసివచ్చును. నాలుగవ కారణము మనము పెద్దలము చేసినది. పిల్లవానికి ఏ వస్తువు నిచ్చినను మన నోట వచ్చు మొదటిమాట "గట్టిగా పట్టుకో" అని. "సరిపడా పట్టుకో" అని ఎవరును చెప్పరు.

పట్టు ఎంత యను ప్రశ్నకు తోడు, ఎప్పుడు అను ప్రశ్న కూడ కలదు. మన పల్లెలలో వడ్లు దంచిన స్త్రీలకు ఈ రహస్యము తెలియును. ధాన్యపు మిల్లులు వచ్చిన పిదప ఆ దృశ్యము అరుదైనది కాని, పసుపో కారమో దంచునప్పుడు నేటికిని కొన్ని యిండ్ల చూడవచ్చును. రోకలిని పైకెత్తునప్పుడు పట్టు; అది దిగునప్పుడు విడుపు. దిగు రోకలిని పిడికిలి వెంబడించును గాని బంధింపదు. పోటు పడిన ధమక అరచేతికి ఎక్కకుండుటకు ఆ విడుపే కారణము. కమ్మరి కొలిమి యొద్దను ఇదే చూతుము. దాగలిపై పడిన సుత్తి తనంత తాను కొంత పైకి ఎగయును. పిడిని వదులుగా పట్టినవానికి ఆ ఎగురు తరువాతి దెబ్బకు సాయపడును. బిగించినవాడు ఆ ఎగురును తన మోచేతిలోనికి పుచ్చుకొనును.

బ్యాడ్మింటను ఆటలో ఈ పట్టువిడుపులు కంటికి స్పష్టముగ కనబడును. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు బిరుదును గెలుచుకొనిననాటినుండియు, 2019లో పి.వి. సింధు బాసెల్ నగరమున ప్రపంచ విజేత యైననాటినుండియు ఈ ఆటపై తెలుగునాట మక్కువ హెచ్చినది. సాయంకాలమున ఏ పట్టణములో చూచినను పిల్లలు రాకెట్లతో కనబడుదురు. ఆ ఆటలోని కాకు, అనగా షటిల్, తూకము 4.74 గ్రాములనుండి 5.50 గ్రాములవరకే. రాకెట్టును నూరు గ్రాములకు లోపే. అంతటి తేలిక వస్తువును అంత వేగముగ పంపుటకు కండబలము కారణము కాదు. రాకెట్టును వదులుగా పట్టి, చేతిని కొరడావలె విసరి, కాకు తగులు క్షణమున మాత్రము వ్రేళ్లను బిగించి, వెంటనే మరల వదలుదురు. మొదటినుండియు బిగించియున్న వ్రేళ్లకు ఆ క్షణమున బిగించుటకు మిగిలినది ఏమి? తెరచియున్న తలుపునే కదా మూయగలము! పైగా బిగిసిన ముంజేయి సులువుగ తిరుగదు. ముందుకొట్టు పట్టునుండి వెనుకకొట్టు పట్టునకు వ్రేళ్లు మారవు.

క్రికెట్టులోను అంతే. వేగముగ వచ్చు బంతిని కాళ్లయొద్దనే చంపివేయదలచిన బ్యాటరు క్రిందిచేతి పట్టును సడలించును. బంతి తాకినప్పుడు బ్యాటు రవంత వెనుకకు జరిగి దాని వేగమును మ్రింగును. బిగించి పట్టిన బ్యాటునకు తగిలిన బంతి గోడకు తగిలినట్లు ఎగిరి స్లిప్పులోని వాని చేతిలో పడును. 2001 మార్చిలో కలకత్తా మైదానమున ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన వి.వి.యస్. లక్ష్మణ్, ఆయనకు ముందు అజారుద్దీను - ఈ హైదరాబాదు ఆటగాండ్ర మణికట్టు విన్యాసమును గూర్చి మనము గొప్పగా చెప్పుకొందుము. మణికట్టు ఆ విధముగ తిరుగవలెనన్న ముంజేయి స్వేచ్ఛగ నుండవలెను. బిగిసిన ముంజేతికి మణికట్టు ఉన్నను లేనట్లే.

మా స్టూడియోలో దినదినము చూచు మరియొక ఉదాహరణము వయొలిను కమాను. దాని తూకము సుమారు అరువది గ్రాములు. దానిని పడిపోకుండ ఆపుటకు ఎంత బలము కావలెను? అయినను నేర్చుకొను పిల్లలు దానిని కర్రవలె పట్టుదురు, నాదము కీచుమనును. ద్వారం వేంకటస్వామినాయుడుగారి రికార్డులు విన్నవారికి కమాను ఎంత నిదానముగ, ఎంత దీర్ఘముగ నడువగలదో తెలియును. పిసికి పట్టిన చేతికి ఆ దీర్ఘత సాధ్యము కాదు.

ఇంతవరకు నైపుణ్యమును గూర్చి చెప్పితిని. ఇక నన్ను ఈ విషయమువైపు మరలించిన అసలు కారణమును చెప్పవలెను. మా నాయనగారు దస్తావేజు లేఖరి. 1998లో మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములలోనికి కంప్యూటర్లు రాకముందు, క్రయపత్రమైనను, తనఖాపత్రమైనను, దానపత్రమైనను స్టాంపు కాగితముపై చేతితోనే వ్రాయవలసియుండెను. ఒక అక్షరము తప్పినను కక్షిదారునకు చిక్కు. కాబట్టి ఆయన కలమును పిడిబాకువలె పట్టి, ప్రతి అక్షరమును కాగితముపై చెక్కినట్లు వ్రాసెడివారు. ఆయన బొటనవ్రేలి ప్రక్కన చూపుడువ్రేలిపై పడిన గుంట నాకు బాల్యమునుండి జ్ఞాపకము. ఏబది యేండ్లు నిండకముందే కలము చేతబట్టినంతనే ఆయన వ్రేళ్లు ముడుచుకొనిపోవుట మొదలైనది. అన్నము కలుపుటకు, నీళ్లు తోడుటకు ఆ చేయి చక్కగ పనికివచ్చును. వ్రాయుటకు మాత్రము రాదు. ఎడమచేతితో అభ్యసించిరి. కొన్నాళ్లకు అదియును మొరాయించినది. కంప్యూటర్లు వచ్చుటకు ఎన్నో యేండ్లు ముందే ఆయన బల్ల మూతపడినది. ఇంటిలో ఆ దినములు ఎట్లు గడచినవో చెప్పుట యిక్కడ అప్రస్తుతము. ఒక్క మాట మాత్రము మరువలేను: "ఈ చేతికి నేనెన్నడూ సెలవివ్వలేదురా అబ్బాయ్" అని ఆయన ఒకనాడు తమ చేతిని చూచుకొనుచు అనిరి.

చాలకాలమునకు పిదప ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని గ్రంథమును గూర్చి చదివి నేను నివ్వెరపోతిని. వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1713 నాటి కూర్పునందు లేఖకుల వ్యాధిని వర్ణించెను. ఎడతెగని కూర్చుండుట, ఒకే విధమైన చేతికదలిక, తప్పు దొర్లరాదను మనోవ్యాకులత - ఈ మూడును దానికి కారణములని చెప్పెను. ఒక లేఖకుని కుడిచేయి పడిపోగా ఆతడు ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనెననియు, కొలదికాలమునకు ఆ చేతికిని అదే వ్యాధి సోకెననియు పేర్కొనెను. అచ్చముగ మా నాయనగారి కథ! చేయి ముడుచుకొనిపోవు ఈ వ్యాధిలో కదలికలను నడపు మెదడునకును పాత్ర కలదని నేటి వైద్యులు చెప్పుదురు. కావున బిగించి పట్టుట యొక్కటే దానికి కారణమని నేను చెప్పను. కాని కారణము లేవైనను, విరామమెరుగని చేతికి ముందుగనే విరామము నేర్పుట మన చేతిలోని పని.

యంత్రములతో పనిచేయువారికి ఈ మాట మరింత అవసరము. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రములోని బెడ్‌ఫర్డ్ రాతిగనులకు పోయి, గాలిసుత్తులతో రాయి చెక్కు పనివారి వ్రేళ్లు చలివేళ తెల్లబారి మొద్దుబారుచున్నట్లు కనుగొనెను. ఆ యంత్రముల కంపనము అందుకు మూలము. పిడిని ఎంత బిగించి పట్టిన, అంత కంపనము చేతిలోనికి ప్రవేశించునని తరువాత తేలినది. నేడు రాతిపని, రోడ్డుపని, వెల్డింగు దుకాణపు రాపిడిపని చేయు మన యువకులు ఈ విషయమును గుర్తుంచుకొనవలెను.

ఇక అభ్యాసము. నేను వడ్రంగివలనను, సంగీతజ్ఞులవలనను, మా అమ్మాయికి బ్యాడ్మింటను నేర్పు గురువువలనను తెలిసికొని, నా చేతిపై ప్రయోగించి చూచినవి అయిదు.

మొదటిది కొలత. పనిముట్టును చేబట్టి చేతనైనంత గట్టిగా బిగింపుడు. దానిని పది అనుకొనుడు. ఆ పిదప మెల్లమెల్లగ తొమ్మిది, ఎనిమిది యని సడలించుచు, ఇక జారునేమో యనిపించువరకు రండు. అక్కడనుండి రవంత పైకి పొండు. అదే మీ పట్టు. అది చాలమందికి తాము దినదినము పట్టు పట్టులో సగము కూడ ఉండదు. ముందు బిగించియే సడలింపును తెలిసికొనవలెనను ఈ పద్ధతి క్రొత్తది కాదు. షికాగో వైద్యుడు ఎడ్మండు జాకబ్‌సన్ 1929లో ప్రకటించిన గ్రంథమున దేహమంతటికి ఇట్టి అభ్యాసమునే బోధించెను.

రెండవది విరామము. ప్రతి పనిలోను సహజముగ విరామస్థానములు కలవు. వ్రాయువానికి పంక్తి చివర. రంపము కోయువానికి పండ్లు కోయని వెనుకలాగుడు. ఆటగానికి రెండు దెబ్బల నడుమ. ఆ స్థానమున వ్రేళ్లను ఒకసారి విప్పుడు. అర సెకను చాలును. రక్తము మరల ప్రవహించుటకు అదియే పుణ్యకాలము.

మూడవది పైభాగమును చూచుకొనుట. బిగువు వ్రేళ్లలో ఆగదు. పళ్లు కరచుకొనియున్నవా, భుజములు చెవులవైపు లేచినవా, ఊపిరి బిగబట్టితిరా యని పరీక్షించుకొనుడు. ఊపిరి విడిచినచో వ్రేళ్లును కొంత విడుచును. తొలిసారి మైకు ముందు కూర్చున్నవారికి మేము ముందుగ చెప్పునది కూడ ఒకసారి గాలి విడువుమనియే.

నాలుగవది పనిముట్టును బాగుచేసికొనుట. కత్తికి పదును, రంపమునకు పండ్లు, పిడికి గరుకు, రాకెట్టు చుట్టుకు పొడి - ఇవి యుండిన చేతికి బిగింపవలసిన పని తగ్గును. పిడి మరీ సన్ననైనను, మరీ లావైనను పట్టు చెడును. కొంచెము లావైన కలము చాలమంది చేతికి సుఖము. కాగితముపై జాలువారు సిరాకలమునకు కావలసిన ఒత్తిడి బాల్‌పెన్నునకు కావలసిన దానికంటె తక్కువ.

అయిదవది నిదానము. క్రొత్త పట్టును పందెమునాడు గాని, తొందరపని నాడు గాని ప్రయత్నింపరాదు. తేలిక పనితో, తక్కువ వేగముతో మొదలిడవలెను. వేగము హెచ్చినంతనే పాత పిడికిలి మరల వచ్చును. రానిండు, గుర్తించి మరల సడలింపుడు. మొదటి వారమున నా దస్తూరి కోడికాళ్లవలె నుండెను. మూడవ వారమునకు పూర్వపు రూపునకు వచ్చినది. నెలకు నొప్పి తగ్గినది.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. వదులు అనగా విడిచిపెట్టుట కాదు. చెమటపట్టిన చేతినుండి సుత్తి యెగిరిన అది ప్రక్కవాని ప్రాణమునకే ముప్పు. విద్యుత్తుతో తిరుగు డ్రిల్లు, రాపిడి చక్రము, మోటారు రంపము వంటివి ఒక్కసారిగ ఎదురుతిరుగును. వానిని రెండుచేతులతో, తయారుచేసినవారు చెప్పిన రీతిగ, దృఢముగనే పట్టవలెను. ఆ పనిలో సడలింపు పని నడుమ కాదు, యంత్రమును ఆపిన పిదప. మరియొకటి: బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రివేళ తిమ్మిరి యెక్కుచున్నను, వస్తువులు చేజారుచున్నను, నొప్పి వారములతరబడి విడువకున్నను అభ్యాసముతో సరిపెట్టుకొనక వైద్యునికి చూపింపవలెను. మణికట్టులోని ఇరుకు మార్గమున తొమ్మిది స్నాయువులతోపాటు ఒక నాడియు పోవుచున్నది. అది నలిగినచో ఆలస్యము మంచిది కాదు.

మొన్న ఒక సాయంకాలము మా అమ్మాయి బల్లయొద్ద కూర్చుండి లెక్కలు చేయుచుండెను. నాలుగవ తరగతి. పెన్సిలు ములుకు రెండుసార్లు విరిగినది. పుస్తకము త్రిప్పి చూచితిని; ఒక పుటపై వ్రాసిన అంకెలు వెనుకనున్న మూడు పుటలపై గుంటలు చేసియున్నవి. చూపుడువ్రేలి ప్రక్కన ఎర్రని గీత పడియున్నది. ఆ గీతను నేనెరుగుదును. అది మా నాయనగారి చేతిపైని గుంటకు మొదటి అక్షరము.

"ఎందుకమ్మా అంత గట్టిగా?" అని అడిగితిని.

"తప్పు పోతుందేమో నాన్నా" అనెను.

మూడువందల యేండ్లనాడు రమజ్జీని చెప్పిన మూడవ కారణమును ఆ పసిబిడ్డ ఒక్క మాటలో చెప్పినది. నేను పెన్సిలును ఆమె చేతిలోనే యుంచి, కొసను పట్టుకొని లాగి చూచితిని. రాలేదు. "నేను లాగితే వచ్చేంత వదులుగా పట్టుకో, అప్పుడు రాయి" అంటిని. రెండవమారు పెన్సిలు నా చేతికి వచ్చినది. ఆమె నవ్వినది. మూడవమారు వ్రాసిన అంకె కొంచెము వంకరగ వచ్చినది.

"వంకరపోయింది నాన్నా."

"పోనీలే అమ్మా, రబ్బరుంది కదా" అంటిని.

ఆమె ఆ అంకెను చెరిపి మరల వ్రాసినది. ఈసారి వెనుక పుటపై గుంట పడలేదు.